పదకొండో లాకులో ఒకే ప్రతి

మీ దగ్గర ఒక్కటంటే ఒక్కటే ప్రతిగా ఉన్నది ఏది? ఈ పూట అది పోతే, అందులో ఏముందో నోటితో చెప్పగల మనిషి ఎవరైనా బతికున్నారా? చదివేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పుకోండి. చెప్పుకున్నాకే కిందికి రండి.

నా పేరు పేరయ్య. పదకొండో లాకు ప్రార్థన హాలులో వాక్యం చెబుతాను. లాకుల గదిలో యంత్రం చూస్తాను. రెండూ ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నవి కావు. కింద ఉన్నది యంత్రం చిట్టా. ఏ రోజుది ఆ రోజే రాసింది. తర్వాత ఒక్క అక్షరం దిద్దలేదు, దిద్దాలని అనిపించిన చోట కూడా.

శుద్ధ పంచమి. పున్నమికి పది రోజులు.

ఉదయం పాటుకు తలుపులు ఎత్తమని ఆజ్ఞ ఇచ్చాను. తెర బిగుసుకుపోయింది. వంద లెక్కపెట్టాను, కదల్లేదు. నూట ముప్పై దగ్గర తలుపులు లేచాయి. మురుగు సముద్రంలోకి పోయింది.

మన నేల కట్ట లోపల, సముద్రం కన్నా నిలువెత్తు లోతున ఉంది. పాటుకు, అంటే సముద్రం తగ్గినప్పుడు, తలుపులు ఎత్తి మురుగు వదలాలి. పోటు వచ్చేలోపు దించాలి. ఎత్తేటప్పుడు ఆలస్యమైతే పొలాల్లో నీళ్లు నిలుస్తాయి, అంతే. దించేటప్పుడు ఆలస్యమైతే సముద్రం లోపలికి వస్తుంది. చేత్తో తిప్పే చక్రాలు తుప్పుపట్టి ఇరవై ఏళ్లయింది.

యంత్రం మూత తీసి తాటిపీచు బ్రష్షుతో ఉప్పు దులిపాను. లస్కరు నాంచారమ్మ తలుపుల గొలుసులకు గ్రీజు పూసి, ఆ చేతులతోనే గుమ్మంలో నిలబడింది.

"ఏంది బోధకయ్యా, నీ యంత్రం నిద్దరపోతందా, ధ్యానం చేత్తందా?"

"ఉప్పు పట్టింది."

"పోయిన వారమూ ఇదే అన్నావు. ఉప్పు దానికి పట్టిందో, నీ కళ్లకు పట్టిందో సూడు."

సాయంత్రం పోటుకు తలుపులు దించాను. డెబ్బై లెక్క. హాలులో నేను చదివేది కట్ట కట్టిన మొదటివాళ్ల పుస్తకం. అందులో మూడో భాగం, ఇరవయ్యో మాట: "తలుపు వేశాక చేత్తో తోసి చూడు. కన్ను చూసిందని వదిలేయకు." వెళ్లి తోసి చూశాను. పడి ఉంది.

శుద్ధ సప్తమి. పున్నమికి ఎనిమిది రోజులు.

రోగం తెలిసింది. ఈ యంత్రంలో ఒకే డిస్కు మీద రెండు సిస్టమ్‌లు ఉన్నాయి. స్విచ్ వేయగానే తెర మీద రెండు పేర్లు వస్తాయి, ఏది కావాలో అడుగుతుంది. ఒకటి పని వైపు, అది తలుపులు నడుపుతుంది. రెండోది పాత వైపు, మొదటివాళ్లు కట్ట కట్టకముందు నుంచీ వాడినది. డిస్కు మీద ఆ రెంటినీ విడదీసే గీతలు చెరిగిపోతున్నాయి. పని వైపు తన హద్దు ఎక్కడో వెతుక్కుంటోంది. ఆ వెతుకులాటే మనకు ఆలస్యం.

మందు ఒకటే. డిస్కు మొత్తం తుడిచి, మొదటివాళ్లు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌తో పని వైపును కొత్తగా ఎక్కించాలి. ఆ పెన్‌డ్రైవ్ హాలులో రేకు పెట్టెలో, పుస్తకం పక్కనే ఉంటుంది. పున్నమి పోటులోపు ఇది అయిపోవాలి.

కట్ట పెద్ద సైదులుకు చెప్పాను. సైదులు కుంటుతూ నడుస్తాడు, కుంటుతూనే కట్టంతా రోజుకోసారి తిరుగుతాడు.

"తుడిచెయ్యి. మా ఆవిడ ఇల్లు తుడవడానికి నన్ను అడిగిద్దా ఏంది?"

"మొత్తం పోతుంది. పాత వైపు కూడా."

"పాత వైపులో ఏముంది?"

గొలుసు దగ్గర నుంచి నాంచారమ్మ తల ఎత్తకుండా అంది. "మా నాన్న."

ఆమె తండ్రి గంగులు పదహారేళ్లు ఈ లాకుకు లస్కరు. ఏటా వానలు వెనకబట్టాక ఇనప కడ్డీ పట్టుకుని కట్ట మీద నడిచేవాడు. కట్టకు మూడు వందల రాళ్లు, ప్రతి రాయికీ ఒక అంకె. ప్రతి రాయి దగ్గరా కడ్డీ దింపి, ఎంత లోతు దిగితే అంత బలహీనం అని చూసేవాడు. చదువు రాదు. అందుకని పాత వైపు తెరిచి మాటల్లో చెప్పి పెట్టేవాడు: ఈ రాయి దగ్గర మోకాలి దాకా దిగింది, ఈ రాయి గట్టిగా ఉంది అని. పోటు పెద్దదైతే ఇసుక బస్తాలు ఎక్కడ వేయాలో మనకు ఆ గొంతే చెప్పేది. గంగులు పోయి రెండేళ్లు. ఆ గొంతు పాత వైపులో తప్ప ఎక్కడా లేదు.

ఎందుకు లేదో కూడా రాయాలి. నాలుగేళ్ల కిందట గంగులు ఎవరో పడవవాడి చేత, వాడు వెంట తెచ్చుకున్న యంత్రంతో, దాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించి మొలతాడుకు కట్టుకున్నాడు. నేను కనిపెట్టాను. హాలులో అందరి ముందూ చెరిపించాను. గంగులు ఖాళీ పెన్‌డ్రైవ్‌ను మళ్లీ మొలతాడుకే కట్టుకుని వెళ్లాడు. ఇప్పుడది నాంచారమ్మ మెడలో ఉంది.

శుద్ధ దశమి. పున్నమికి అయిదు రోజులు.

పొద్దున దించడానికి రెండు వందల పది లెక్క పట్టింది. ఒకటో తలుపు కింద నుంచి ఉప్పునీరు చీరమడి పొలం దాకా వచ్చింది. ఇక ఆగడానికి లేదు. లాకుల గదిలో ముగ్గురం కూర్చున్నాం.

"కాపీ చేసి తుడువు," అంది నాంచారమ్మ.

"ఈ యంత్రంలో కాపీ లేదు. తరలించు అనే ఆజ్ఞ ఒక్కటే ఉంది."

"ఎందుకు లేదు? తీసేసింది నువ్వేగా."

నిజం. హాలు బాధ్యత తీసుకున్న ఏడాదే తీసేశాను. తరలిస్తే ఇక్కడ ఉన్నది అక్కడికి పోతుంది, ఇక్కడ చెరుగుతుంది. ఎప్పుడు చూసినా ప్రతి ఒక్కటే.

పుస్తకం తెరిచి చదివాను. రెండో భాగం, పద్నాలుగో మాట: "నీటి గురించి రాసినదానికి ఒకే ప్రతి ఉండాలి. రెండోది కనిపిస్తే చెరిపివేయాలి." ఇది ఊరికే రాసిన మాట కాదు. కట్ట కట్టిన తొమ్మిదో ఏట తలుపుల వంతుల జాబితాకు రెండు ప్రతులు ఉండేవి. ఒక లస్కరు ఒకటి చూసి దించాడు, ఇంకో లస్కరు ఇంకోటి చూసి ఎత్తాడు. ముప్పై ఎనిమిది మంది పోయారు. ఇరవై ఆరేళ్లుగా నేను ఆ ముప్పై ఎనిమిది పేర్లూ ప్రతి ఏడో రోజూ చదివి, ఈ మాట చెబుతున్నాను. నా గొంతుకు హాలు రేకులు మోగేవి. రెండో ప్రతి ఉంచుకున్న చెయ్యి తలుపెత్తిన చెయ్యే అనేవాణ్ణి.

"బోధకయ్యా, ఒక్క రోజు," అంది నాంచారమ్మ. "రెండు చోట్లా ఉండనియ్యి. పెన్‌డ్రైవ్‌లో సరిగ్గా పడిందో లేదో ఇని సూద్దాం. పడిందంటే నా చేత్తో నేనే పాతది తుడిచేత్తా."

"ఒక్క రోజైనా రెండు రెండే."

"ఆ ఆజ్ఞ తిరిగి పెట్టడానికి ఎంతసేపు పట్టిద్ది?" అడిగాడు సైదులు.

"పది నిమిషాలు."

సైదులు పుస్తకం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నువ్వు పులిజూదంలో కూడా ఇంతే. ఓడిపోతన్నా మేకను జరపవు." లేచాడు. "సరే. వాక్యం నీది. కట్ట నాది. ఎట్టా చేత్తావో చెయ్యి, పున్నమికి తలుపులు పడాలి."

నాంచారమ్మ మెడలోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది. తాడు ముడి విప్పడానికి పళ్లు వాడాల్సి వచ్చింది.

శుద్ధ ఏకాదశి. పున్నమికి నాలుగు రోజులు.

పొద్దున పాటు కాగానే మొదలుపెట్టాను. పాత వైపు తెరిచి, గంగులు గొంతు పదహారేళ్లదీ ఎంచి, తరలించు అన్నాను. అయిదు గంటలు పట్టింది. నాంచారమ్మ గుమ్మంలో కూర్చుని వల అల్లుకుంది. మధ్యాహ్నం ఇద్దరం సద్దన్నం, ఎండుచేప తిన్నాం.  తెర మీద పదహారు పేర్లూ పెన్‌డ్రైవ్ కింద కనిపించాయి. పాత వైపులో ఒక్కటీ లేదు. మాట తప్పలేదు అనుకున్నాను.

రేకు పెట్టె నుంచి మొదటివాళ్ల పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టాను. యంత్రం అడిగింది: డిస్కు మొత్తం తుడవాలా? అవును. రెండు సిస్టమ్‌లూ పోతాయి, తెలుసా? అవును. ఇది వెనక్కి తీసుకోలేని పని, తుడవాలా? అవును. మూడు సార్లు అడిగే సంగతి పుస్తకంలో కూడా ఉంది. అడిగినదానికి జవాబు చెప్పమని ఉంది గానీ, ఆలోచించమని వేరే రాయలేదు.

నల్ల తెర మీద తెల్ల గీత ఎడమ నుంచి కుడికి పాకింది. అరగంట. ఆ తర్వాత పని వైపు కొత్తగా ఎక్కింది. స్విచ్ వేస్తే ఇప్పుడు ఏ వైపు అని అడగడం లేదు. ఒకటే పేరు.

సాయంత్రం పోటుకు దించాను. నాలుగు లెక్కలో పడ్డాయి. తోసి చూశాను. సైదులు కట్ట మీద నుంచి తలగుడ్డ ఊపాడు. నాంచారమ్మ పెన్‌డ్రైవ్‌ను మళ్లీ మెడలో వేసుకుని ఇంటికి వెళ్లింది.

శుద్ధ త్రయోదశి. పున్నమికి రెండు రోజులు.

బస్తాలు వేయడం మొదలుపెట్టాలి కాబట్టి గంగులు గొంతు వినడానికి హాలు యంత్రంలో పెన్‌డ్రైవ్ పెట్టాం. అరవై మంది దాకా వచ్చారు.

మొదటి ఏడాది పలికింది. "ఒకటో రాయి. గట్టిగానే ఉంది. రెండో రాయి, బెత్తెడు దిగింది." వెనకాల గాలి, గంగులు దగ్గు. నాంచారమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు, మూడు, నాలుగు, అయిదో ఏడాది పలికాయి. ఆరోది తెరిస్తే బుస్సుమని చప్పుడు. ఏడోది అంతే. పదహారు దాకా అంతే. పేర్లు ఉన్నాయి, లోపల ఏమీ లేదు. ఆ పెన్‌డ్రైవ్ పాతది, ఉప్పుగాలిలో మనిషి ఒంటి మీద తిరిగినది. తీసుకున్నట్టే తీసుకుని నిలుపుకోలేదు. యంత్రం మటుకు చెప్పినట్టే చేసింది. అక్కడ పెట్టానని నమ్మి ఇక్కడ చెరిపింది.

మళ్లీ మళ్లీ పెట్టి చూశాను. గంటసేపు. ఎవరూ కదల్లేదు.

"ఇంక ఏ వైపూ లేదుగా బోధకయ్యా," అంది నాంచారమ్మ. గట్టిగా అనలేదు. "నాలుగేళ్ల కింద ఒకసారి చంపించావు. ఇప్పుడు ఇంకోసారి."

నా చేతిలో పుస్తకం ఉంది. తెరవలేదు.

శుద్ధ చతుర్దశి. పున్నమికి ఒక రోజు.

తెల్లారగానే నాంచారమ్మ కడ్డీ తీసుకుని కట్ట ఎక్కింది. మూడు వందల రాళ్లకూ కడ్డీ దింపాలంటే పన్నెండు రోజుల పని. అందుకని తండ్రి అన్నం తింటూ, నడుం వాల్చి చెప్పినవి గుర్తు చేసుకుంటూ నడిచింది. ఆమె వెనక సైదులు, నేను, బస్తాల మనుషులు.

"ఇక్కడ కడ్డీ ఇరుక్కుంటే పీకడానికి నన్ను పిలిచాడు. అరవై రెండు. బస్తాలెయ్యండి." "ఇక్కడ ఎండ్రకాయల బొరియలని తిట్టుకున్నాడు." అట్లా మధ్యాహ్నానికి పదకొండు చోట్లు చెప్పగలిగింది. పదకొండు చోట్లా కడ్డీ దింపి చూసింది. పదకొండూ నిజమే.

"ఇంకా ఉన్నయ్యి," అంది. "నాన్న ఇరవై దాకా ఉన్నయ్యనేవాడు. అంకెలు నాకు చెప్పలా. యంత్రానికి చెప్పా, ఇంక నీకెందుకే అనేవాడు."

మిగతావాటికి మిగిలిన అయిదేళ్ల గొంతునే ఆధారం చేసుకున్నాం. ఉన్నది అదే. పనివాళ్లకు గంజి కాచుకోవడానికి, నిలబడి అజమాయిషీ చేయడానికి ఒక గట్టి చోటు కావాలన్నాడు సైదులు. గంగులు అయిదేళ్లూ ఒకే మాట చెప్పిన రాయి వెతికి పెట్టాను. నూట డెబ్బై మూడు. "గట్టిగా ఉంది, రాయిలా ఉంది" అని అయిదు సార్లు. నేనే చెప్పాను సైదులుకు.

"గంగులు బావ మంచం వేశాడురా నాకు," అన్నాడు సైదులు. అక్కడే పొయ్యి పెట్టించాడు.

పున్నమి.

పొద్దున ఎనిమిదింటికి పోటు మీదికి వచ్చింది. తలుపులు నాలుగు లెక్కలో పడ్డాయి. యంత్రం వైపు నుంచి ఏ లోపమూ లేదు.

పదకొండు చోట్లా కట్ట నిలిచింది.

ఎనిమిదిన్నరకు నూట డెబ్బై మూడో రాయి దగ్గర కట్ట లోపలికి కుంగింది. ముందు పొయ్యి, ఆ తర్వాత రాయి. అక్కడ నలుగురు ఉన్నారు. ముగ్గుర్ని సైదులు వెనక్కి నెట్టాడని ఆ ముగ్గురూ చెప్పారు. కుంటి కాలు కాబట్టి తను తిరగలేకపోయాడని కూడా చెప్పారు. పడవలు అడ్డం ముంచి, వలల్లో బస్తాలు కట్టి దించి, పాటు వచ్చేదాకా గండి పెద్దది కాకుండా ఆపాం. నలభై ఎకరాలు ఉప్పు తాగింది. తొమ్మిది ఇళ్లు పోయాయి.

సైదులు మధ్యాహ్నం చీరమడి గట్టున దొరికాడు.

బహుళ విదియ.

సైదులును కట్ట లోపలి వాలులో పూడ్చాం. వాక్యం చెప్పమన్నారు. చెప్పలేదు. చెప్పకపోవడం ఇరవై ఆరేళ్లలో మొదటిసారి.

నాంచారమ్మ గండి దగ్గర కూర్చుని ఉంది. వెళ్లాను.

"ఇప్పుడు గుర్తొత్తంది," అంది. "పోయే ముందు ఏడు నాన్న అటు నుంచి వచ్చాడు. మోచేతి దాకా బురద. కడ్డీ నేనే కడిగా. ఎక్కడ దిగింది నాన్నా అని అడగలా. యంత్రానికి చెప్పాడు గదా అనుకున్నా."

"అడగకపోవడం నీ తప్పు కాదు."

"నీ తప్పని నాకు తెలుసులే. నేను ఇంకోటి అడుగుతా. ఆ వాక్యం పుస్తకంలో నిజంగా అంతే ఉందా?"

రెండో భాగం, పద్నాలుగో మాట అక్కడితో అయిపోదు. ఆ వెంటనే ఇంకో వాక్యం ఉంది. "ఈ కట్టడి తలుపుల వంతుల జాబితాకు మాత్రమే. మిగిలిన రాతలను ఎన్ని చోట్ల దాచగలిగితే అన్ని చోట్ల దాచండి." మొదటి ఏడాది నుంచీ నాకు తెలుసు. మొదటి ఏడాది దాన్ని కూడా చదివాను. చదివితే జనం మెత్తబడ్డారు, ఆవలించారు. మరుసటి వారం అది వదిలేసి చదివాను. హాలు మోగింది. అప్పటి నుంచీ అక్కడే ఆపేవాణ్ణి. పదేళ్లు పోయాక అది అక్కడ లేనట్టే అయింది నాకు. గంగులును హాలులో నిలబెట్టిన రోజు కూడా పేజీ నా కళ్ల ముందే ఉంది.

ఇది నాంచారమ్మకు చెప్పాను. 

"మా నాన్నకు చదువొచ్చి ఉంటే నువ్వు నోరు మూసుకునేవాడివి," అంది.  కడ్డీ భుజాన వేసుకుని ఒకటో రాయి వైపు నడిచింది.

బహుళ చవితి. అమావాస్యకు పదకొండు రోజులు.

యంత్రంలో కాపీ ఆజ్ఞ తిరిగి పెట్టాను. పది నిమిషాలు అన్నాను గదా, ఆరే పట్టాయి.

నాంచారమ్మ మొన్నటి నుంచి రాయి రాయికీ కడ్డీ దింపుతోంది. యాభై రెండు రాళ్లు అయ్యాయి. ఆమె చెప్పినది లాకుల గదిలో ఒకటి, హాలు యంత్రంలో ఒకటి, పడవల రేవులో ఒకటి ఉన్నాయి. నాలుగోది కాగితం మీద నేనే రాశాను. ఈ చిట్టా కూడా నాలుగు చోట్ల ఉంది, మీరు చదువుతున్నది వాటిలో ఒకటి. అమావాస్య పోటు పున్నమి పోటు కన్నా చిన్నదేమీ కాదు. ఆమె ఒక్కతే నడిస్తే మూడు వందల రాళ్లూ పూర్తయ్యేది అమావాస్య ముందురోజు సాయంత్రానికే. బస్తాలు వేయడానికి రోజు మిగలదు.

కాబట్టి వినండి. ఇది నేను హాలులో చెప్పే తీరులోనే చెబుతున్నాను, ఈసారి ఏ మాటా వదలకుండా. ఇనప కడ్డీ ఉన్న ప్రతి మనిషీ ఇవాళ కట్ట ఎక్కండి. నాంచారమ్మ ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడండి. గంగులుతో కలిసి చుట్ట కాల్చినవాళ్లు, అతని పక్కన వల వేసినవాళ్లు, అతను ఏ రాయి దగ్గర విసుక్కున్నాడో ఒక్కటి గుర్తున్నా వచ్చి చెప్పండి. సగమే గుర్తుంటే సగమని చెప్పండి. సగాన్నే మొత్తమని నమ్మి నేను సైదులును నూట డెబ్బై మూడో రాయి దగ్గర నిలబెట్టాను.

పుస్తకాన్ని హాలు బల్ల మీద తెరిచి పెట్టాను. కుట్టు విప్పేశాను. ఎవరికి ఏ పేజీ కావాలంటే ఆ పేజీ తీసుకుని కూర్చుని రాసుకోండి. నేను చదివింది నమ్మకండి, మీ కళ్లతో కింది వాక్యం దాకా చదవండి.

మొదట అడిగినదానికి జవాబు చెప్పుకున్నారు గదా. ఆ ఒక్కటి ఏదో ఇప్పుడు మీకు తెలుసు. అది తీసుకుని లేవండి. పోటు పదకొండింటికి. అంతలోపు, ఇవాళే, దానికి రెండో ప్రతి తీయండి. తీసి, వినండి. విన్నాకే మొదటిదాని మీద చెయ్యి వేయండి.